సద్దిగంప బొమ్మ

యూనివర్సిటీ హాస్టల్, తార్నాక
4 సెప్టెంబర్ 2011, ఆదివారం

పెద్దబాపుకు నీ బిడ్డ ప్రియదర్శిని నమస్కారాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. పోయినసారి ఫోన్‌లో నేను అరిచిన అరుపులకు కొట్లాట అనుకుని పక్క గదివాళ్లు తలుపు తట్టారు. నీకు మాత్రం "బాగున్నవా" అన్న ఒక్క మాటే వినపడింది. చెవులు మొరాయించిన మనిషితో కాగితం మీద మాట్లాడటమే మర్యాద.

గురువారం రవీంద్రభారతి దగ్గర ఒక హాలులో భూసేకరణ మీద వాదన పోటీ జరిగింది. గెలిచాను. గెలిచినా ఒళ్లు తేలిక పడలేదు. నాలుగు నెలలుగా సభలు, తీర్మానాలు, పోస్టర్లు. నిద్రలో కూడా ఎవరికో జవాబు చెబుతూనే ఉంటున్నాను. ఒక్క గంట ఎవరితోనూ మాట్లాడకూడదని వెనక సందులోకి నడిచాను. ఆ సందంతా కళల మీద బతికేవాళ్లదే: మేడ మీద గజ్జెల చప్పుడు, కింద తబలాలు బిగించేవాళ్లు, మూల మీద ఫ్రేములు కట్టే దుకాణం. ఆ దుకాణం పై అంతస్తులో చిన్న చిత్రశాల ఉంది. "విమానాలకు ముందు" అని బయట అట్టముక్క వేలాడుతుంటే మెట్లెక్కాను. ఎయిర్‌పోర్టు రాకముందు మన చుట్టుపక్కల ఊళ్లలో తిరిగి ఎవరో తీసిన నలభై రెండు ఫొటోలు.

ఇరవై ఏడో ఫొటో ముందు ఆగాను. వాన పడుతోంది. పొలం గట్టు. పిడుగుకు తల పోయిన మన ఈతచెట్టు. గట్టు మీద, గొంగడిని తల మీదుగా కొప్పెరగా కప్పుకుని, నెత్తిన సద్దిగంప, చేతిలో నీళ్ల సొరకాయ బుర్రతో ఒక మనిషి. మనవైపు వీపు, తల మాత్రం కొంచెం పక్కకు తిరిగి ఉంది. దూరంగా వాన మసకలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ల వరుస, అందులో ఒకామె పని ఆపి నిలబడి ఉంది. గంప ఎత్తుకున్న మనిషి పెద్దమ్మ దుర్గవ్వ. ఆమె పోయి నాలుగేళ్లయినా మనింట్లో ఆమె ఫొటో ఒక్కటి లేదు, రేషన్ కార్డు మీది ముద్ర తప్ప. అందులో ఆమె ఎవరో, నువ్వెవరో పోల్చుకోవడం కష్టం.

అక్టోబర్ తొమ్మిది వరకే ఇది ఉంటుంది. ప్రతి సోమవారం సెలవు. నువ్వు వచ్చి చూడాలి. దారి రాస్తున్నాను. శంషాబాద్‌లో మెహదీపట్నం బస్సు ఎక్కు. ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కకు. అది ఆరాంఘర్ దగ్గర పైవంతెన ఎక్కి, ఎక్కడా ఆగకుండా పోతుంది. మామూలు బస్సు వంతెన కింద, స్తంభాల పక్కనుంచి వస్తుంది. మెహదీపట్నంలో దిగి లకిడీకాపూల్ బస్సు ఎక్కు. ముందు రోజు తెలిసేలా రాస్తే నేను స్టాపులో నిలబడతాను.

వాదించడానికి తప్ప దేనికీ పనికిరాని నీ తమ్ముడి కూతురు,
ప్రియదర్శిని


తొండుపల్లి
తేది 9-9-2011

బిడ్డ ప్రియదర్శినికి పెద్దబాపు దీవెనలు.

నీ ఉత్తరం ముట్టింది. పోస్టుమాన్ గేటు కాడ శానసేపు పిలిచిండంట. నాకు వినవడక, ఆయనే లోపలికొచ్చి నా మొఖం ముందల ఊపిండు.

ఇక్కడ అంత మంచిదే. ఎయిర్‌పోర్టు సడక్ నడుమ పూలచెట్లకు నీళ్లు వట్టే పని నడుస్తున్నది. చెన్నయ్య ట్యాంకర్ తోలుతడు, నేను ఎనక పైపు వట్టుకుంట. వాన వడ్డా సుత నీళ్లు వట్టాలంటడు గుత్తేదారు. వానల తడుసుకుంట చెట్లకు నీళ్లు పోసుడు నా బతుకుల గిప్పుడే చూసిన. ఎవుసం చేసినోనికి నవ్వొస్తది గని నవ్వెతందుకు పానం లేదు. మోకాళ్లు గుంజుతున్నయి.

నువ్వు చెప్పిన బొమ్మ మన గెట్టు మీదిదే. ఈతచెట్టు చెప్పినవు కాబట్టి ఇగ అనుమానం లేదు. గని బిడ్డా, గంప నెత్తి మీదనే ఉన్నదా? గొంగడి అంచు నల్లదా, తెల్లదా? మొఖం అసలే కనవడదా? జర మల్ల చూసి రాయి.

ఇంకోటి. గీ సంగతి శివశంకర్‌కు చెప్పకు. వాడు కిరాయి కారు నడుపుకుంట ఎయిర్‌పోర్టు కాడనే పండుకుంటున్నడు, ఇంటికొస్తే మొఖం మీద నీళ్లు జల్లుకొని మల్ల పోతడు. నా కొడుకును నేనే పరేషాన్ చేసుడు ఎందుకు?

దావ బాగ రాసినవు. వీలు చూసుకుంట.

నీ పెద్దబాపు
బుచ్చయ్య


తార్నాక
13 సెప్టెంబర్ 2011

పెద్దబాపూ,

ప్రశ్నకు ఎదురు ప్రశ్న జవాబు కాదన్నది మాకు నేర్పే మొదటి పాఠం. అయినా పెద్దవాడివి కనుక మళ్లీ వెళ్లి చూసి వచ్చాను. గంప నెత్తి మీదనే ఉంది. గొంగడి అంచు తెల్లది. ముఖం కనపడదు. ఇవి చాలవా?

అది ఆమేనని ఎట్లా చెప్పగలవని నీ మనసులో ఉంటే, విను. పొలం మనది. గొంగడి మనింటిది. ఇక, మన ఊళ్లో పొలానికి సద్ది మోసుకుపోయే మగవాణ్ని నువ్వెప్పుడైనా చూశావా? నేను చూడలేదు. మోయడం ఆడవాళ్ల వంతు, చెట్టు కింద కూర్చుని తినడం మగవాళ్ల వంతు. ఈ ముక్క నేను పది వేదికల మీద చెప్పాను, ఒక్కరూ కాదనలేకపోయారు.

చిత్రశాల చూసుకునే ఆయన పేరు భాస్కరరావు. కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. నన్ను చూడగానే, "ఏమ్మా, ఇవాళ బొమ్మలు చూడ్డానికి వచ్చారా, నాతో పోట్లాడటానికా?" అన్నారు. "రెండింటికీ" అన్నాను. "అయితే ముందు టీ తాగండి, పోట్లాటకు ఓపిక కావాలి కదా" అన్నారు. మర్యాదస్థులతో కొట్లాడటం ఎంత కష్టమో నీకు తెలియదు. ఫొటోను నా ఫోన్‌తో తీసుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదు. తీసినవాడు ఢిల్లీలో ఉన్నాడట. అతని అనుమతి లేనిదే కుదరదట.

ఇవాళ్టి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. పొద్దున లైబ్రరీ మెట్ల మీద నలభై నిమిషాలు మాట్లాడాను. గొంతు పోయింది. బస్సులింకా నడుస్తున్నాయి, అవి ఆగేలోపు రా.

ప్రియదర్శిని


తొండుపల్లి
తేది 21-9-2011

బిడ్డకు,

నువ్వు మైకుల ఒర్రుతుంటే ఎవరో తీసిన వీడియో శివశంకర్ ఫోనుల చూపిండు. నాకు మాట వినవడలేదు గని మెడ నరాలు కనవడ్డయి. అల్లం ముక్క నములు. జర పండుకో.

మొన్న సోమవారం కెల్లి బస్సులు బంద్. స్టాండుల కుక్కలు పండుకున్నయి. చెన్నయ్య నవ్విండు. "ఏందే బుచ్చన్న, నీ తమ్ముని బిడ్డ బస్సులు ఆపుమన్నదంట, నిన్ను పట్నం రమ్మన్నది గూడ ఆమెనే అంట?" అని రెండు చేతులతోటి సైగ చేసి చూపిండు. నేనన్న, "ఆపుమన్నది ఊరి కోసం, రమ్మన్నది నా కోసం. ఊరే పెద్దది."

అబద్ధం జెప్ప. బస్సులు ఆగినయంటే నా ఛాతీ మీదికెల్లి బండ దిగినట్టయింది. దేవుడే ఆపిండనుకో. మల్ల ఎప్పుడన్న చూద్దాం.

బుచ్చయ్య


తార్నాక
25 సెప్టెంబర్ 2011

పెద్దబాపూ,

నీ ఉత్తరంలో బాధ వెతికాను, నిశ్చింత దొరికింది. బస్సు ఆగినందుకు నీకు ఛాతీ తేలికైందా?

నేను నిన్ను ఎన్నడూ నిలదీయలేదు. ఇప్పుడు నిలదీస్తున్నాను. ముప్పై ఏళ్లు ఆమె చేతి తిండి తిన్నావు. సెలవులకు వచ్చినప్పుడు ఆమె పెట్టిన పుంటికూర తొక్కు, జొన్న గట్క, పచ్చిపులుసు, వాటి రుచి హాస్టల్ మెస్సులో ప్రతి ముద్దకూ నాకు గుర్తొస్తుంది. కోడి కూయకముందే లేచి అవన్నీ వండి, నెత్తిన పెట్టుకుని, వానలో గట్టు మీద నడిచి తెచ్చి నీ ముందు పెట్టింది. అన్నం బాగుందని ఒక్కసారైనా ఆమెతో అన్నావా? అన్నట్టు నాకు గుర్తులేదు. ఆ మనిషిని గోడ మీద చూడటానికి రమ్మంటే నీకు గొంగడి అంచు నలుపా తెలుపా అన్న విచారణ కావలసి వచ్చింది.

నువ్వు రాకపోయినా నేను ఒక పని చేశాను. ఆ ఫొటో కింద "రైతు స్త్రీ, తొండుపల్లి" అని మాత్రమే రాసి ఉండేది. పేరు లేదు. మొన్న భాస్కరరావు గారితో గంటసేపు వాదించాను. ఎయిర్‌పోర్టు కింద భూమి పోయింది, మనిషీ పోయింది, పేరు కూడా మీరే ఉంచుకుంటారా అన్నాను. చివరికి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "సరేనమ్మా, మీరే గెలిచారు. పేరు రాసివ్వండి, పెట్టిస్తాను" అన్నారు. తెల్ల అట్ట మీద నా చేతితోనే రాశాను: దుర్గవ్వ, తొండుపల్లి.

ఇక నువ్వు రా, రాకపో. అక్కడ ఆమె పేరు ఉంది.

ప్రియదర్శిని


తొండుపల్లి
తేది 30-9-2011

బిడ్డా,

పేరు తీసెయ్యమను. బతిమాలుకుంటున్న. ఎందుకని అడుగకు.

నీ మీద కోపం లేదు. తొక్కు గురించి రాసిన ముక్క నాలుగుమాట్ల చదివిన.

ఇయ్యాల పైపు వట్టి చేతులు బొబ్బలెక్కినయి. ఇంతకన్న రాయలేను.

బుచ్చయ్య


తార్నాక
3 అక్టోబర్ 2011

పెద్దబాపూ,

పేరు తీయించను. కారణం చెప్పని విజ్ఞప్తిని ఎవరూ అంగీకరించరు. నేను అసలే అంగీకరించను.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. గంట తరువాత మళ్లీ రాస్తున్నాను. నీ చేతులు బొబ్బలెక్కాయని రాశావు. పోయిన ఉత్తరంలో కొన్ని మాటలు వేదిక మీద ఎదుటి జట్టుతో మాట్లాడినట్టు రాశాను. నువ్వు ఎదుటి జట్టు కాదు. అయితే నేను అడిగింది తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు. అది నీకు అర్థమవుతుందనుకుంటాను.

నిన్ను తీసుకురావడానికి నేనే వద్దామనుకున్నాను. గురువారం హాస్టల్ గేట్లు మూసి ఉంటే గోడ దూకాను; మడమ మెలిపడింది. రెండు వారాలు నేల మీద కాలు పెట్టవద్దన్నారు. దసరాకు హాస్టల్ ఖాళీ అయింది. మెస్సులో నేనూ, ఒక పిల్లీ. ఎవరితోనూ వాదించే పని లేక గది చాలా పెద్దదిగా కనపడుతోంది.

నేను రాసిన పేరు తప్పయితే ఏది ఒప్పో నువ్వే అక్కడికి వెళ్లి చెప్పు. బస్సు లేకపోయినా దారి ఉంది. ఆరాంఘర్ నుంచి పైవంతెన కింద స్తంభాల మీద అంకెలు వేసి ఉంటాయి. అవి తగ్గుతున్న కొద్దీ మెహదీపట్నం దగ్గర పడుతున్నట్టు. అక్కడి నుంచి మాసబ్ ట్యాంక్, లకిడీకాపూల్, రవీంద్రభారతి వెనక సందు, ఫ్రేముల దుకాణం పైన. ఎవరినీ ఏమీ అడిగే పని లేదు, వినపడకపోయినా రావచ్చు. ఆదివారమే ఆఖరు.

ప్రియదర్శిని


తొండుపల్లి
తేది 11-10-2011

నా బిడ్డ ప్రియదర్శినికి,

మడమకు ఉప్పు కాపడం పెట్టు. గోడలు దూకుడు బంద్ చెయ్యి. ఇగ విను, శాన రాసేది ఉన్నది.

ఆదివారం పొద్దుగాల చెన్నయ్య నన్ను ట్యాంకర్ మీద ఆరాంఘర్ దాక తోలుకొచ్చి దించిండు. ఆటోలు ఒకటి రెండు తిరుగుతున్నయి గని ఆటోవాడు చెప్పేది నాకు వినవడదు, నా అరుపులకు వాడు బెదురుతడు. నడిసిన. నువ్వు రాసినట్టే కమాన్ల మీద అంకెలున్నయి. రెండొందల ఎనభై, డెబ్బై, గట్ల ఎనకకు లెక్కవెట్టుకుంట పోయిన. అత్తాపూర్ కాడ నూట ఇరవై మీద ఉన్నప్పుడు కాళ్లు ఇగ రాము అన్నయి. కమానుకు ఆనుకొని కూసున్న. ఎండ లేదు, వాన లేదు, నెత్తి మీద సిమెంటు ఆకాశం. ఎనకకు పోదామంటే ఎనకకు గూడ గంతే దూరం. లేచిన.

చిత్రశాల మెట్లు ఎక్కేసరికి రెండు దాటింది. నీ భాస్కరరావు సారు మంచోడు. ఆయన మాట నాకు వినవడక చెవి చూపిస్తే, చీటీ మీద రాసిండు: "తమరు ఎవరి తాలూకు?" నేను కింద రాసిన: "ఇరవై ఏడో బొమ్మ తాలూకు." ఆయన లేచి నిలబడ్డడు.

బిడ్డా, గంప ఎత్తుకున్నది నేను.

నీ మొదటి ఉత్తరంలనే నాకు తెలిసింది. గొంగడి అంచు తెల్లది అన్నంక ఇగ అనుమానం లేకపాయె. మీ పెద్దమ్మ గొంగడిది నల్ల అంచు. ఆమె నాటు ముఠాకు పెద్ద. కోడి కూయకముందే పదిమంది ఆడోళ్లను ఎంటవెట్టుకొని పోయేది. వంట ఆమెకు చేతగాదు, చేస్తే కుక్క గూడ ముట్టదు. పెండ్లయిన రెండో ఏటికెల్లి వండింది నేను. సద్ది మోసింది నేను. మొదటిరోజు పప్పుల ఉప్పు మరిసిన. గంతే, ముప్పై ఏండ్లు నన్ను గెట్టు మీద చూసినప్పుడల్ల లేచి నిలబడి ఒర్రేది, "ఓ బుచ్చయ్యా, ఇయ్యాలన్న ఉప్పేసినవా?" అని. ఆడోళ్లంత నవ్వేది.

ఊరు గూడ నవ్వింది. మన ఊరి మొగులయ్య నా గొంగడి గుంజి, "గీడెవడు, దుర్గవ్వ పెండ్లామా?" అనేటోడు. అందుకే కొప్పెర కిందికి గుంజుకొని పోయేటోన్ని. మీరు సెలవులకొస్తే వండేది నేను, వడ్డించేది ఆమె. పిల్లలకు తెల్వొద్దని నేనే చెప్పిన. నువ్వు రాసిన తొక్కు, గట్క, పచ్చిపులుసు, అన్నీ నా చేతివే. అన్నం బాగున్నదని నేను ఆమెతోని ఎట్లంట చెప్పు? ఆమె అనాలె. ఒక్కసారన్న అనలే, ముండది.

అందుకే రానన్న. పట్నం గోడ మీద ఎక్కి, కొడుకు ముందల, నీ ముందల నవ్వులపాలైతనని. నువ్వు ఆమె పేరు పెట్టినంక ఇంక భయమైంది. చచ్చినదాని పేరు మీద నేను దాసుకున్నట్టయింది.

ఇగ అసలు సంగతి. బొమ్మ ముందల నిలబడి చూసిన. నా తల పక్కకు ఎందుకు తిరిగి ఉన్నదో గుర్తొచ్చింది. నాట్ల వరుసల ఒకామె నిలబడి ఉన్నదని నువ్వే రాసినవు గద. అందరు వంగి ఉన్నరు, ఆమె ఒక్కతి నడుం మీద చెయ్యి వెట్టుకొని నిలబడ్డది. చిటికెనగోరంత ఉన్నది. మసక. మొఖం లేదు. గని నడుం మీద చెయ్యి గట్ల వెట్టేది ఆమె ఒక్కతే. నన్ను పిలుస్తున్నది. ఉప్పు సంగతే అడుగుతున్నది.

పేరు తప్పు గాదు బిడ్డా. బొమ్మల ఆమె ఉన్నది. నువ్వు చూడాల్సిన కాడ చూడలే.

సారు కొత్త అట్ట ఇచ్చిండు. నేనే రాసిన: "నిలబడ్డది దుర్గవ్వ. గంప ఎత్తుకున్నది ఆమె మొగడు బుచ్చయ్య." నువ్వు రాసిన అట్టను నా జేబుల వెట్టుకున్న.

నా కాళ్లు చూసి సారు నాకు చెప్పకుండనే శివశంకర్‌కు ఫోన్ చేసిండు. నంబరు నా సంచికి కట్టిన చీటీ మీద ఉన్నది. గంటల వాడు కారు తెచ్చిండు. నేను బొమ్మకు అడ్డం నిలబడ్డ. వాడు నన్ను పక్కకు జరిపి చూసిండు. అట్ట చదివిండు. నా చెవి కాడికొచ్చి, నాకు వినవడేటట్టు, అక్కడున్నోళ్లంత తిరిగి చూసేటట్టు ఒర్రిండు. "ఏంది బాపు, గిది నాకు తెల్వదనుకున్నవా? నేను బడికి పోతున్నప్పుడు నా సద్ది గేటు కాడికి తెచ్చింది ఎవరు మరి, పోస్టుమానా?"

వచ్చేటప్పుడు కారుల పైవంతెన మీదికెల్లి వచ్చినం. పొద్దంత నడిసిన దావ పావుగంటల అయిపాయె. మీదికెల్లి పోతే కమాన్లు కనవడవు, అంకెలు కనవడవు. అత్తాపూర్ ఎప్పుడు దాటిందో గూడ తెల్వలే. శివశంకర్ ఏదో మాట్లాడుతనే ఉన్నడు. నాకు వినవడలే. తల ఊపుకుంట వచ్చిన.

రేపు పుంటికూర తొక్కు నూరుతున్న. శివశంకర్ తార్నాక దిక్కు కిరాయి దొరికినప్పుడు తెచ్చిస్తడు. ఉప్పు నేనే ఏస్త. సరిపాయెనో లేదో నువ్వన్న రాయి.

పెద్దబాపు
బుచ్చయ్య